రెండు శిఖరాల మధ్య దూరం ఏం చెబుతుంది? వోల్టామెట్రీలో వ్యాపనం, ఎలక్ట్రాన్ బదిలీ

సెన్సర్ల గురించో బ్యాటరీ పదార్థాల గురించో కొత్త పరిశోధన పత్రం వచ్చిందంటే అందులో ఒక బొమ్మ దాదాపు ఖాయం. పైకి ఒక శిఖరం, కిందికి ఒక శిఖరం ఉన్న మెలిక గీత అది. కొత్త పూత వేశాక ఆ రెండు శిఖరాల మధ్య దూరం 120 మిల్లీవోల్టుల నుంచి 65కు తగ్గిందనీ, కాబట్టి ఎలక్ట్రాన్ బదిలీ వేగం పెరిగిందనీ పక్కనే ఒక మాట ఉంటుంది. అది నిజం కావచ్చు. ఎలక్ట్రాన్ బదిలీలో పిసరంత మార్పు లేకుండానే ఆ దూరం అంతగా తగ్గిపోనూవచ్చు. ఒకే గీతకు రెండు అర్థాలు ఎలా వస్తాయో తెలియాలంటే, ఎలక్ట్రోడు ఉపరితలం దగ్గర ఒకదాని వెంట ఒకటి జరిగే రెండు పనులను విడదీసి చూడాలి.

మూడు ఎలక్ట్రోడులు, కదలని ద్రావణం

ఎలక్ట్రోడు మీది పొటెన్షియల్‌ను మనం అనుకున్న తీరులో మారుస్తూ, అప్పుడు పారే కరెంటును కొలవడమే వోల్టామెట్రీ. పొటెన్షియల్‌ను ఒక దిశలో సమవేగంతో జరిపి, హద్దు చేరాక అదే వేగంతో వెనక్కు తెస్తే అది సైక్లిక్ వోల్టామెట్రీ. సెకనుకు ఎన్ని వోల్టుల చొప్పున జరుపుతున్నామో దాన్ని స్కాన్ వేగం అంటారు.

పాత్రలో మూడు ఎలక్ట్రోడులు ఉంటాయి. మనకు కావలసిన చర్య జరిగేది వర్కింగ్ ఎలక్ట్రోడు మీద. రెండోది రిఫరెన్స్ ఎలక్ట్రోడు. వెండి–వెండి క్లోరైడ్ జంట వంటి దీని పొటెన్షియల్ మారదు కాబట్టి కొలతకు ఇదే ఆధారం. రిఫరెన్స్ గుండా కరెంటు పారితే ఆ నిలకడ చెడుతుంది. అందుకే కరెంటు భారమంతా మూడోదైన కౌంటర్ ఎలక్ట్రోడు మోస్తుంది. ఈ ఏర్పాటును నడిపే పరికరం పొటెన్షియోస్టాట్.

ద్రావణంలో పరీక్షించే పదార్థం కొద్దిగా, పొటాషియం క్లోరైడ్ వంటి లవణం దానికి నూరు రెట్లో అంతకన్నా ఎక్కువో ఉంటాయి. ఎలక్ట్రోడు ముందున్న విద్యుత్ క్షేత్రం మనం చూస్తున్న అయాన్లను లాగితే, అవి వాటంతట అవి వచ్చాయా, లాగితే వచ్చాయా తేల్చడం కష్టం. లవణం దండిగా ఉంటే ఆ లాగుడంతా లవణపు అయాన్ల మీదే పడుతుంది. ద్రావణాన్ని కలపకుండా కదలనీయకుండా ఉంచడం కూడా ఇందుకే. ఇక అణువులు ఎలక్ట్రోడును చేరడానికి మిగిలిన దారి వ్యాపనం ఒక్కటే: గాఢత ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి జరిగే సహజమైన కదలిక.

ఈ విద్య పాతదే. 1922లో ప్రాగ్‌లో యారొస్లావ్ హైరోవ్‌స్కీ సన్నటి గాజు గొట్టం నుంచి పాదరసం బొట్టుబొట్టుగా రాలుతూ ఉండగా, ఆ బొట్టునే ఎలక్ట్రోడుగా వాడి కరెంటు కొలిచాడు. రాలే ప్రతి బొట్టుతో పాటు మచ్చలేని కొత్త ఉపరితలం పుట్టుకొస్తుంది. ఘన ఎలక్ట్రోడులతో పనిచేసేవాళ్లకు ఈనాటికీ అంత తేలికగా దొరకని భాగ్యం అది. 1959లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

మొదటి పని: అణువు ఎలక్ట్రోడు దాకా రావడం

ఫెర్రోసయనైడ్ అయాన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇది ఒక ఎలక్ట్రాన్‌ను ఎలక్ట్రోడుకు ఇచ్చి ఫెర్రిసయనైడ్ అవుతుంది. ఎలక్ట్రోడు పొటెన్షియల్‌ను ఒక్కసారిగా బాగా ధనాత్మకం చేశామనుకోండి. ఉపరితలాన్ని తాకిన ప్రతి అయాన్ తక్షణం ఆక్సీకరణం చెందుతుంది. మరుక్షణం నుంచి అక్కడ ఫెర్రోసయనైడ్ గాఢత సున్నా. దూరంగా ఉన్న ద్రావణంలో మాత్రం గాఢత మునుపటిలాగే ఉంటుంది.

బావిలో తోడే వేగం ఊట వేగాన్ని మించితే, బకెట్లు ఎన్ని వేసినా పైకి వచ్చే నీళ్లు ఊటకు సరిపడానే. ఇక్కడా అంతే. కరెంటు ఎంతన్నది ఇక ఎలక్ట్రోడు చేతిలో లేదు, ఊరే అయాన్ల చేతిలో ఉంది. అయితే బావికీ దీనికీ ఒక తేడా: ఇక్కడ ఊట కాలంతో పాటు బలహీనపడుతుంది. ఖాళీ అయిన పొర రోజురోజుకూ కాదు, క్షణక్షణానికీ మందమవుతూ ఉంటే, కొత్త అయాన్లు అంత దూరం నుంచి రావలసి ఉంటుంది.

ఈ పొరను వ్యాపన పొర అంటారు. దాని మందం సుమారుగా పై (π), వ్యాపన గుణకం (పదార్థం ఎంత త్వరగా వ్యాపిస్తుందో చెప్పే సంఖ్య), కాలం ఈ మూడింటి లబ్ధానికి వర్గమూలం. పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఫెర్రోసయనైడ్ వ్యాపన గుణకం సెకనుకు దాదాపు 6.5 × 10⁻⁶ చదరపు సెంటీమీటర్లు. లెక్కిస్తే ఒక సెకనుకు పొర మందం 45 మైక్రోమీటర్లు. నాలుగు సెకన్లకు 90. మందం రెట్టింపు కావడానికి కాలం నాలుగింతలు పట్టింది. వ్యాపనం ఉన్న ప్రతిచోటా వర్గమూలం ఎందుకు కనిపిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఈ గణితానికి పునాది అడాల్ఫ్ ఫిక్ 1855లో చెప్పిన వ్యాపన నియమాలు. వాటి నుంచి కరెంటుకు సూత్రం రాసినవాడు ఫ్రెడరిక్ కాట్రెల్, 1903లో. ఫ్యాక్టరీ పొగ గొట్టాల నుంచి ధూళిని విద్యుత్తుతో ఒడిసిపట్టే పరికరాన్ని తర్వాత తయారు చేసిందీ ఈయనే.

కాట్రెల్ సూత్రం ప్రకారం కరెంటు కాలపు వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. 3 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బిళ్ల ఎలక్ట్రోడు, 1 మిల్లీమోలార్ ఫెర్రోసయనైడ్ తీసుకుంటే, ఒక సెకను తర్వాత 9.8 మైక్రోఆంపియర్లు, నాలుగో సెకను చివర 4.9. నూరు సెకన్లకు లెక్క ప్రకారం 0.98 రావాలి. నిజంగా కొలిస్తే సాధారణంగా అంతకన్నా ఎక్కువే వస్తుంది. అప్పటికి పొర దాదాపు అర మిల్లీమీటరు మందం అవుతుంది. ఉష్ణోగ్రతలోనో సాంద్రతలోనో చిన్న తేడా, బల్ల మీద చిన్న అదురు చాలు, ద్రావణం తానే కదిలి పొరను చెదరగొడుతుంది. సూత్రం ఎప్పటికీ నిజమే అయినా, దాని షరతులు మాత్రం పదుల సెకన్లకు మించి నిలవవు.

రెండో పని: ఎలక్ట్రాన్ చేతులు మారడం

అయాన్ ఉపరితలాన్ని చేరినంత మాత్రాన పని అయిపోదు. ఎలక్ట్రాన్ అటు నుంచి ఇటు రావాలి. ఈ వేగాన్ని ప్రామాణిక రేటు స్థిరాంకంతో చెబుతారు. దీని ప్రమాణం సెకనుకు ఇన్ని సెంటీమీటర్లని. పొటెన్షియల్‌ను ఒక దిశలో జరిపినకొద్దీ ఆ దిశలో బదిలీ ఘాతీయంగా పెరుగుతుందని, ఎదురు దిశలో అలాగే తగ్గుతుందని చెప్పేది బట్లర్–వోల్మర్ సమీకరణం. 1920లు, 30లలో రూపుదిద్దుకున్న ఈ సమీకరణంలోనే బదిలీ గుణకం కూడా ఉంది. పొటెన్షియల్ మార్పులో ఎంత వంతు ముందుకు జరిగే చర్యకు సాయపడుతుందో అది చెబుతుంది. చాలా చర్యలకు అది 0.5 దరిదాపుల్లో ఉంటుంది.

కొన్ని బదిలీలు చిటికెలో, మరికొన్ని నిదానంగా ఎందుకు జరుగుతాయన్నది వేరే ప్రశ్న. ఎలక్ట్రాన్ దూకే ముందు అణువులోని బంధాలు, దాని చుట్టూ ఉన్న ద్రావణి అణువులు కొత్త అమరికకు దగ్గరగా సర్దుకోవాలి. ఆ సర్దుబాటుకు అయ్యే శక్తే వేగాన్ని నిర్ణయిస్తుందని 1956 నుంచి రుడాల్ఫ్ మార్కస్ సిద్ధాంతీకరించాడు. 1992 నోబెల్ ఆయనకు దక్కింది ఇందుకే. ఆకారం పెద్దగా మారనవసరం లేని అణువుల్లో బదిలీ వేగం ఎక్కువ.

ఇప్పుడు రెండు పనులనూ ఒకే కొలతలోకి తేవచ్చు. వ్యాపన గుణకాన్ని పొర మందంతో భాగిస్తే వచ్చేదాని ప్రమాణం కూడా సెకనుకు ఇన్ని సెంటీమీటర్లే. మన ఉదాహరణలో ఒక సెకను దగ్గర అది 0.0014. ఎలక్ట్రాన్ బదిలీ రేటు స్థిరాంకం 0.1 అయితే అది దీనికి డెబ్బై రెట్లు. అప్పుడు కరెంటులో బదిలీ వేగం ఆనవాలే ఉండదు, కనిపించేదంతా వ్యాపనమే. అదే 0.00001 అయితే వ్యాపనం వెనక్కు తగ్గి, బదిలీ నిదానమే కరెంటును శాసిస్తుంది. వోల్టామెట్రీ గీత ఆకారంలో ఇమిడి ఉండేది ఈ రెండు వేగాల నిష్పత్తి. విడిగా ఏ ఒక్కటీ కాదు. ఈ ఒక్క సంగతి మరిచిపోవడం వల్లనే తప్పుడు అర్థాలు చాలావరకు పుడతాయి.

శిఖరం ఎందుకు ఏర్పడుతుంది?

సైక్లిక్ వోల్టామెట్రీలో పొటెన్షియల్ మెల్లగా పెరుగుతుంది. మొదట్లో ఆక్సీకరణానికి చాలినంత ఒత్తిడి ఉండదు, కరెంటు దాదాపు సున్నా. బదిలీ వేగంగా జరిగే వ్యవస్థలో ఉపరితలం దగ్గరి గాఢతల నిష్పత్తిని నెర్న్‌స్ట్ సమీకరణం నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పొటెన్షియల్ 59 మిల్లీవోల్టులు జరిగిన ప్రతిసారీ ఆ నిష్పత్తి పది రెట్లు మారుతుంది. రెండు రూపాలూ సమపాళ్లలో ఉండే ప్రామాణిక పొటెన్షియల్‌ను 118 మిల్లీవోల్టులు దాటేసరికి ఫెర్రిసయనైడ్ నూరు పాళ్లు ఉంటే ఫెర్రోసయనైడ్ ఒక పాలు.

అంటే పొటెన్షియల్ పెరుగుతున్నకొద్దీ ఉపరితలం ఖాళీ అవుతూ కరెంటు ఎగబాకుతుంది. మరోవైపు వ్యాపన పొర మందమవుతూ కరెంటును కిందికి లాగుతుంది. మొదట ఎగబాకడానిదే పైచేయి. ఉపరితలం దాదాపు ఖాళీ అయ్యాక ఇంకా ఎగబాకడానికి ఏమీ మిగలదు. ఆ తర్వాత కాట్రెల్ చెప్పిన క్షీణతే. ఈ రెండూ కలిసే చోట శిఖరం. తిరుగు ప్రయాణంలో, ఎలక్ట్రోడు ముందు పోగైన ఫెర్రిసయనైడ్ మళ్లీ క్షయకరణం చెందుతూ ఎదురు దిశలో రెండో శిఖరాన్ని ఇస్తుంది.

ఒక్క ఎలక్ట్రాన్ మారే ఆదర్శ వ్యవస్థలో రెండు శిఖరాల మధ్య దూరం 25 డిగ్రీల దగ్గర సుమారు 57 మిల్లీవోల్టులు. సున్నా కాదు. ఎందుకంటే శిఖరం ప్రామాణిక పొటెన్షియల్ మీద రాదు, దాన్ని 28 మిల్లీవోల్టుల పైచిలుకు దాటాక వస్తుంది. తిరుగు దిశలోనూ అంతే. ఈ 57 పూర్తిగా వ్యాపనం చేసిన పని. అణువులు ఎలక్ట్రోడుకే అంటుకుని, వ్యాపనంతో పనే లేని చోట ఆదర్శంగా ఈ దూరం సున్నా అవుతుంది. ఈ మాట ముందు ముందు అక్కరకు వస్తుంది.

అంకెలు వేసి చూస్తే

శిఖరం ఎత్తుకు సూత్రాన్ని 1948లో జాన్ రాండిల్స్, ఆగుస్టిన్ షెవ్‌చిక్ ఎవరికి వారు కనుగొన్నారు. 25 డిగ్రీల దగ్గర ఒక్క ఎలక్ట్రాన్ చర్యకు శిఖర కరెంటు ఆంపియర్లలో ఇలా వస్తుంది: 2,69,000 × ఎలక్ట్రోడు వైశాల్యం × వ్యాపన గుణకపు వర్గమూలం × గాఢత × స్కాన్ వేగపు వర్గమూలం. వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో, గాఢత ఘన సెంటీమీటరుకు మోల్స్‌లో ఉండాలి.

మన బిళ్ల వైశాల్యం 0.0707 చదరపు సెంటీమీటర్లు. గాఢత 1 మిల్లీమోలార్, అంటే ఘన సెంటీమీటరుకు 10⁻⁶ మోల్స్. స్కాన్ వేగం సెకనుకు 0.1 వోల్టు. గుణిస్తే 15.3 మైక్రోఆంపియర్లు. వేగాన్ని నాలుగింతలు చేసి 0.4కు పెంచితే 30.7. వేగంగా స్కాన్ చేస్తే కరెంటు పెరిగేది వ్యాపన పొర మందమవడానికి వ్యవధి చాలక. పొర పలచగా ఉన్నప్పుడే శిఖరం వచ్చేస్తుంది, గాఢత వాలు నిటారుగా ఉంటుంది.

దీన్ని తిరగేసి వాడటమే ఎక్కువ. వేర్వేరు స్కాన్ వేగాల దగ్గర శిఖర కరెంటును కొలిచి, వేగపు వర్గమూలానికి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలు నుంచి వ్యాపన గుణకం తీస్తారు. ఇంతవరకు తిరకాసు లేదు.

సరళరేఖ చెప్పని సంగతి

తిరకాసు ఇక్కడ మొదలవుతుంది. ఆ సరళరేఖను చూపించి, వ్యవస్థ వ్యాపన నియంత్రితం కాబట్టి ఎలక్ట్రాన్ బదిలీ వేగవంతమైనదేనని రాసేస్తుంటారు. మొదటి సగం సరే. రెండో సగం దానంతట అది రాదు. బదిలీ బాగా నిదానంగా ఉన్నప్పుడు కూడా శిఖర కరెంటు స్కాన్ వేగపు వర్గమూలానికే అనులోమానుపాతంలో ఉంటుంది. శిఖరం మరింత దూరపు పొటెన్షియల్‌కు జరిగిపోతుంది, అంతే. అక్కడికి చేరేసరికి బదిలీకి చాలినంత ఒత్తిడి దొరికి, మళ్లీ వ్యాపనమే పగ్గాలు పట్టుకుంటుంది.

మారేది వాలు. బదిలీ గుణకం 0.5 ఉన్న పూర్తి నిదాన చర్యలో శిఖరం ఎత్తు, వేగవంతమైన చర్యలో వచ్చే ఎత్తులో దాదాపు 78.5 శాతం. ఇది తెలియక వేగవంతమైన చర్య సూత్రాన్నే వాడితే, వర్గమూలాన్ని తొలగించడానికి వర్గం చేస్తాం కాబట్టి, వచ్చే వ్యాపన గుణకం అసలు విలువలో 62 శాతమే ఉంటుంది. గీత ఎంత తిన్నగా, చుక్కలు ఎంత పొందికగా ఉన్నా ఈ తప్పు కనిపించదు.

నిదాన బదిలీ ఆనవాలు దొరికేది శిఖరం ఉన్న చోటులో. వేగవంతమైన చర్యలో స్కాన్ వేగం మార్చినా శిఖరం ఉన్నచోటే ఉంటుంది. పూర్తి నిదాన చర్యలో, బదిలీ గుణకం 0.5 అయితే, వేగం పదింతలైన ప్రతిసారీ శిఖరం సుమారు 59 మిల్లీవోల్టులు జరుగుతుంది.

ఈ రెండు కొసల మధ్య ఉన్నదంతా బూడిద రంగు ప్రాంతం. 1955లో మత్సుడా, అయాబే ఈ మూడు ప్రాంతాలకు సరిహద్దులు గీశారు. వాళ్ల సరిహద్దుల్లో స్కాన్ వేగం కూడా ఉంది. అంటే సెకనుకు 0.05 వోల్టు దగ్గర ఉత్క్రమణీయంగా, అంటే బదిలీ నిదానం ఆనవాలు లేకుండా, కనిపించే జంట 50 వోల్టుల దగ్గర అలా కనిపించకపోవచ్చు. ఫలానా అణువు ఉత్క్రమణీయం అని స్కాన్ వేగం చెప్పకుండా రాస్తే అది సగం వాక్యమే. పైగా రసాయనికంగా చెక్కుచెదరని అణువు కూడా నిదాన బదిలీ వల్ల ఇక్కడ ఉత్క్రమణీయం కాకుండా పోతుంది. చెడిపోయే అణువు ఇంకో సమస్య: దానికి తిరుగు శిఖరమే చిన్నదవుతుంది.

దూరం నుంచి రేటు స్థిరాంకం

మధ్య ప్రాంతానికి 1965లో రిచర్డ్ నికల్సన్ ఒక పట్టిక ఇచ్చాడు. శిఖరాల దూరం ఒకవైపు, ప్రమాణం లేని ఒక సంఖ్య మరోవైపు. ఆ సంఖ్య రేటు స్థిరాంకానికీ, స్కాన్ వేగాన్ని బట్టి ఉండే వ్యాపన వేగానికీ నిష్పత్తి. దూరం 61 మిల్లీవోల్టులు అయితే సంఖ్య 20. 63 అయితే 7. 72 అయితే 2. 84 అయితే 1. 105 అయితే 0.5. 212 అయితే 0.1.

మన వ్యవస్థలో సెకనుకు 0.1 వోల్టు దగ్గర ఆ వ్యాపన వేగం 0.0089. దూరం 84 వచ్చిందంటే సంఖ్య 1 కాబట్టి రేటు స్థిరాంకం సెకనుకు 0.0089 సెంటీమీటర్లు. తేలిగ్గానే ఉంది. ఇప్పుడు దూరం 61 వచ్చిందనుకుందాం. లెక్క ప్రకారం 20 × 0.0089, అంటే 0.18. కానీ శిఖరం కొన మొద్దుగా ఉంటుంది. దాని చోటును గుర్తించడంలో రెండు మిల్లీవోల్టుల తేడా చాలా మామూలు. అసలు దూరం 63 అయితే జవాబు 0.06. రెండు మిల్లీవోల్టులకు జవాబు మూడింతలు మారిపోయింది! 61 దగ్గర నిజాయితీగా చెప్పగలిగింది ఒక్కటే: బదిలీ ఈ స్కాన్ వేగానికి అందనంత వేగంగా ఉంది. రెండు దశాంశ స్థానాలతో రేటు స్థిరాంకం రాస్తే అది కొలత అనిపించుకోదు.

మరి నిజంగా 0.18 అయితే ఎలా పట్టుకోవాలి? వ్యాపనాన్ని వేగిరపరచి దానికి దీటుగా తేవాలి. సంఖ్య 20 నుంచి 1కి దిగాలంటే స్కాన్ వేగం 400 రెట్లు, అంటే సెకనుకు 40 వోల్టులు కావాలి. పరికరానికి అది పెద్ద పని కాదు. ఇబ్బంది ద్రావణం పెడుతుంది.

నిదాన బదిలీలా కనిపించే నిరోధం

వర్కింగ్ ఎలక్ట్రోడుకూ రిఫరెన్స్‌కూ మధ్య ఉన్న ద్రావణానికి కొంత నిరోధం ఉంటుంది. అది 100 ఓమ్‌లు అనుకుందాం. సెకనుకు 0.1 వోల్టు దగ్గర 15.3 మైక్రోఆంపియర్లు పారితే అక్కడ పోయేది 1.5 మిల్లీవోల్టులు. పట్టించుకోనక్కరలేదు. 40 వోల్టుల దగ్గర కరెంటు ఇరవై రెట్లు, 307 మైక్రోఆంపియర్లు. పోయేది 31 మిల్లీవోల్టులు. మొదటి శిఖరం అంతమేర ముందుకు జరుగుతుంది, తిరుగు శిఖరమూ ఎదురు దిశలో జరుగుతుంది. రెండూ కలిసి శిఖరాల దూరాన్ని పెంచేస్తాయి. చూసేవారికి అది అచ్చం నిదాన బదిలీలాగే ఉంటుంది. స్కాన్ వేగంతో పెరగడం కూడా అలాగే పెరుగుతుంది.

రెండింటినీ విడదీసే ఒక ఆనవాలుంది. నిరోధం వల్ల వచ్చే జరుగుడు కరెంటును బట్టి ఉంటుంది, కరెంటు గాఢతను బట్టి ఉంటుంది. ఎలక్ట్రాన్ బదిలీ వల్ల వచ్చే దూరానికి గాఢతతో పని లేదు. ఫెర్రోసయనైడ్‌ను సగానికి తగ్గించినప్పుడు దూరం కూడా తగ్గితే నేరం నిరోధానిదే. పొటెన్షియోస్టాట్లలో నిరోధాన్ని సరిచేసే ఏర్పాటు ఉంటుంది. కానీ నూటికి నూరుపాళ్లు సరిచేయబోతే పరికరం అదుపు తప్పి డోలనాలు మొదలవుతాయి.

మరో చిక్కు, ఏ చర్యా లేకుండా పారే కరెంటు. ఎలక్ట్రోడు ఉపరితలం, దానికి ఆనుకున్న అయాన్ల పొర కలిసి ఒక కెపాసిటర్‌లా ఉంటాయి. పొటెన్షియల్ మారిందంటే అది ఛార్జ్ కావాలి. చదరపు సెంటీమీటరుకు 20 మైక్రోఫారడ్లు అనుకుంటే, మన బిళ్ల మీద సెకనుకు 0.1 వోల్టు దగ్గర ఈ కరెంటు 0.14 మైక్రోఆంపియర్లు, చర్య కరెంటులో నూరో వంతు. కానీ ఇది స్కాన్ వేగానికే అనులోమానుపాతంలో పెరుగుతుంది, చర్య కరెంటు వర్గమూలానికే పెరుగుతుంది. సెకనుకు 1000 వోల్టుల దగ్గర ఇది 1,414, అది 1,533. రెండూ దాదాపు సమానం.

ఈ ఇరకాటం నుంచి బయటపడేసే మార్గాల్లో అన్నిటికన్నా సొంపైనది ఎలక్ట్రోడును చిన్నది చేయడం. 5 మైక్రోమీటర్ల వ్యాసార్థం ఉన్న బిళ్లకు అయాన్లు ఎదురుగానే కాక పక్కల నుంచి కూడా వచ్చి చేరతాయి. వ్యాపన పొర కొద్దిసేపటికే ఎదగడం ఆగిపోతుంది. శిఖరం మాయమై, గీత ఒక మెట్టులా పైకి లేచి సమతలంగా సాగుతుంది. ఆ సమతల కరెంటు మన ద్రావణంలో 1.25 నానోఆంపియర్లు. ఇంత చిన్న కరెంటుకు నిరోధం వల్ల పోయే పొటెన్షియల్ లెక్కలోకి రాదు. వేగవంతమైన బదిలీలను కొలిచేవాళ్లు సూక్ష్మ ఎలక్ట్రోడుల వైపు మళ్లడానికి కారణం ఇదే.

రంధ్రాల పూత చేసే మాయ

దూరం పెరగడానికి నకిలీ కారణం ఉన్నట్టే తగ్గడానికీ ఉంది. కార్బన్ నానోట్యూబుల వంటి పదార్థంతో ఎలక్ట్రోడుకు మందమైన పూత వేస్తే, దాని రంధ్రాల్లోకి ద్రావణం చేరి చిక్కుకుంటుంది. ఆ చిక్కుకున్న పలచని పొరలోని అయాన్లు ఎక్కడి నుంచో వ్యాపించి రానక్కరలేదు, అవి ఎలక్ట్రోడు గోడల మధ్యే ఉన్నాయి. ఎలక్ట్రోడుకు అంటుకున్న అణువుల్లో శిఖరాల దూరం సున్నా అవుతుందని పైన అనుకున్నాం. ఇక్కడా దూరం సున్నా వైపు జారుతుంది. రేటు స్థిరాంకం ఇసుమంత కూడా మారకపోయినా, 57ను ఇచ్చిన వ్యాపన పరిస్థితే మారిపోయింది. ఆక్స్‌ఫర్డ్‌లో రిచర్డ్ కాంప్టన్ బృందం 2008లో ఈ విషయాన్ని లెక్కలతో చూపించింది. నికల్సన్ పట్టిక సమతల ఎలక్ట్రోడుకు, లోతైన ద్రావణానికి వేసింది. రంధ్రాల పూతకు దాన్ని వర్తింపజేస్తే వచ్చే రేటు స్థిరాంకానికి అర్థం ఉండదు. దూరం 57 కన్నా తగ్గి, శిఖర కరెంటు వర్గమూలాన్ని విడిచి స్కాన్ వేగానికే అనులోమంగా నడుస్తుంటే, పలచని పొర ఉందని అనుమానించాలి.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు, అది కొట్టిపారేయదగ్గదీ కాదు. సెన్సర్ తయారు చేసేవారికి కావలసింది గాఢతను నమ్మకంగా చెప్పే సంకేతం. శిఖరాలు సన్నబడి, దగ్గర దగ్గరగా ఉన్న రెండు పదార్థాలు విడివిడిగా కనిపిస్తే వాళ్లకు లాభమే, కారణం వ్యాపనమైనా ఉత్ప్రేరణమైనా (అంటే బదిలీ నిజంగా వేగం పుంజుకోవడమైనా). పేచీ అంతా ఆ లాభానికి ఉత్ప్రేరణ అని పేరు పెట్టినప్పుడే. కారణం తప్పుగా పట్టుకుంటే తర్వాతి పూతను మెరుగుపరచడానికి రసాయనాన్ని మారుస్తూ కూర్చుంటారు, మార్చవలసింది మందాన్ని.

గ్రాఫైటు మీద తెగని వాదం

గ్రాఫైటు పొరలు పొరలుగా ఉండే పదార్థం. పొర ముఖం ఒకటి, పొర అంచు ఒకటి. ఎలక్ట్రాన్ బదిలీ ఎక్కడ జరుగుతుంది? అంచుల దగ్గరే, ముఖం దాదాపు జడం అన్నది చాలా కాలం ప్రామాణిక సమాధానం. ఫెర్రోసయనైడ్ జంటతో చేసిన ప్రయోగాల్లో అంచులు ఎక్కువున్న ఎలక్ట్రోడులు చిన్న దూరాన్ని, నున్నటి ముఖం పెద్ద దూరాన్ని ఇచ్చేవి. కాంప్టన్ బృందం నమూనాలు కూడా ఆ వైపే మొగ్గాయి.

తర్వాత వార్విక్‌లో పాట్రిక్ అన్విన్ బృందం సన్నటి గాజు పిపెట్ కొనలోని బిందువంత ద్రావణంతో, గ్రాఫైటు ఉపరితలాన్ని చోటుచోటునా తడిమి చూసింది. అప్పుడే చీల్చిన తాజా ముఖం కూడా చురుగ్గానే ఉందని 2012 ప్రాంతంలో చూపించింది. గాలికి వదిలేసిన ముఖం, ఫెర్రోసయనైడ్‌లో నానిన ముఖం మాత్రం కాలం గడిచేకొద్దీ మందకొడి అవుతుంది. అంటే పాత ప్రయోగాల్లో కనిపించిన జడత్వంలో కొంత ఉపరితలం పాతబడటం వల్ల వచ్చిందేనన్నది ఈ పక్షం మాట. అంచులకు ప్రత్యేకత ఉన్న చర్యలు లేకపోలేదని అవతలి పక్షం అంటుంది. నిజానికి ఆ మాట కూడా చర్యను బట్టి చెల్లుతుంది. నా మట్టుకు, ఇరుపక్షాల కన్నా ముందు బోనులో నిలబెట్టవలసింది ఫెర్రోసయనైడ్‌నే. ప్రమాణ జంట అని అందరూ వాడే ఈ అయాన్ ఉపరితలపు మురికికి, ఆక్సైడ్లకు, పక్కనున్న ధనాత్మక అయాన్లకు కూడా స్పందిస్తుంది. ఇలాగే పరీక్షకు వాడే మరో అయాన్ రుథీనియం హెక్సాఎమ్మీన్ అంత పెంకిది కాదు. ఉపరితలం ఎలా ఉన్నా దాదాపు ఒకేలా నడుచుకుంటుంది. ఒక పూత ఫెర్రోసయనైడ్ దూరాన్ని తగ్గించి రుథీనియం జంటను కదిలించలేదంటే, ఆ పూత మార్చింది ఉపరితల రసాయనాన్ని కావచ్చు. రెండింటినీ తగ్గించిందంటే రంధ్రాల లెక్క చూడాలి.

బ్యాటరీ పదార్థాల్లో 0.5, 1

బ్యాటరీలు, సూపర్ కెపాసిటర్ల పరిశోధనలో ఇదే తర్కం మరో రూపంలో తిరుగుతోంది. శిఖర కరెంటు లాగరిథమ్‌ను స్కాన్ వేగం లాగరిథమ్‌కు ఎదురుగా గీస్తారు. వాలు 0.5 అయితే ఛార్జ్ నిల్వ వ్యాపనం మీద ఆధారపడిందనీ, 1 అయితే ఉపరితలం మీద జరిగిందనీ చెబుతారు. ఇంకొంచెం ముందుకు వెళ్లి, కరెంటును వేగానికి అనులోమమైన భాగం, వర్గమూలానికి అనులోమమైన భాగం అని రెండుగా విడదీసి, ఫలానా పదార్థం ఇన్ని శాతం కెపాసిటివ్ అని అంకె ప్రకటిస్తారు.

ఈ పద్ధతిని సమర్థించేవారి వాదనలో బలం ఉంది. ఒకే పరికరంతో, ఒకే పూటలో, పదార్థాలను పోల్చడానికి ఇంత తేలికైన కొలమానం మరొకటి లేదు. విమర్శకుల మాటలోనూ బలం ఉంది. రెండు పదాలుగా విడదీయడం వెనక, నిరోధం లేదనీ, బదిలీ వేగవంతమనీ, వ్యాపనానికి హద్దు లేదనీ మూడు ఊహలు దాగి ఉన్నాయి. ఘన కణాల పొడి నింపిన ఎలక్ట్రోడులో ఈ మూడింటిలో ఒక్కటీ ఖాయం కాదు. 0.7 వంటి మధ్య వాలు వచ్చిందంటే అది రెండు యంత్రాంగాల మిశ్రమమే కానక్కరలేదు, నిరోధం కావచ్చు, నిదాన బదిలీ కావచ్చు.

మూడో ఊహను అంకెలతో పట్టుకుందాం. 100 నానోమీటర్ల వ్యాసార్థం ఉన్న కణం, లోపల లిథియం వ్యాపన గుణకం సెకనుకు 10⁻¹² చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. వ్యాసార్థపు వర్గాన్ని గుణకంతో భాగిస్తే 100 సెకన్లు. కణం కేంద్రం దాకా లిథియం చేరడానికి పట్టే కాలం సుమారుగా అంత. ఇక స్కాన్ వైపు: పొటెన్షియల్ 25.7 మిల్లీవోల్టులు (నెర్న్‌స్ట్ నిష్పత్తి సుమారు 2.7 రెట్లు మారేంత మేర) జరగడానికి ఎంతసేపు పడుతుందో చూస్తే చాలు. సెకనుకు 0.1 మిల్లీవోల్టు చొప్పున 257 సెకన్లు. ఈలోగా కణం మొత్తం నిండిపోతుంది, వ్యాపనం అడ్డు రాదు, వాలు 1 వైపు మొగ్గుతుంది. సెకనుకు 10 మిల్లీవోల్టుల చొప్పున అయితే 2.6 సెకన్లే. లిథియం కణంలో పైపొర దాటి పెద్దగా లోపలికి వెళ్లలేదు, వాలు 0.5 వైపు దిగుతుంది. పదార్థం అదే, వ్యాపన గుణకం అదే, రెండు సందర్భాల్లోనూ లిథియం చొరబడింది కణం లోపలికే. నెమ్మదైన స్కాన్‌ను మాత్రమే చూపిన పత్రం దాన్ని ఉపరితల నిల్వ అంటుంది. వేగమైన స్కాన్‌ను మాత్రమే చూపినది వ్యాపనం అంటుంది. కణం పరిమాణం, వాడిన స్కాన్ వేగాల మేర రెండూ రాసి ఉంటే తప్ప ఆ వాలు దేనికి చెందుతుందో చదివేవారు తేల్చుకోలేరు.